నూనె బావ

మొన్న నిజామాబాద్ పోతూ దారిలో బండి ఆపి ఇంజను నూనె చూపించుకున్నాను. బంకులో పనిచేసే మనిషి నూనె కొలిచే పుల్లను పైకి లాగి, జేబులోంచి శుభ్రమైన గుడ్డ తీసి తుడిచి, మళ్లీ ముంచి నా కళ్ల ముందు పెట్టాడు.

"నూనె మంచిగనే ఉంది పెద్దయ్యా" అన్నాడు.

నాకు నూనె కనిపించలేదు. ఆయన చేతిలోని గుడ్డనే చూస్తూ నిలబడ్డాను. నాకు తెలిసిన ఒక మనిషి బతికినన్నాళ్లూ ఆ పుల్లను గుడ్డతో తుడవలేదు. మనుషులతో తుడిచాడు.

ఆయన మా అక్క భర్త. నాకు బావ. బాన్సువాడలో బోధన్ తొవ్వ మీద ఆయనకు ఒక రేకుల షెడ్డు ఉండేది. ఊరంతా ఆయనను నూనె మిస్త్రీ అనేది. ఇంజను విప్పడం, చక్రం బిగించడం లాంటి పనులు ఆయన ముట్టుకునేవాడు కాదు. ఏ ఇంజనుకు ఏ నూనె, గేరు డబ్బాకు ఏ నూనె, ఎప్పుడు తీయాలి, ఎప్పుడు పోయాలి, ఇదొక్కటే ఆయన పని. దాంట్లో ఆయనను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

అప్పటికి నిజాంసాగర్ కాలువ నీళ్లు పారి మా దిక్కున చెరుకు తోటలు లేచాయి. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. ఎడ్లబండ్లు తోలిన పటేళ్లు ఒకరిని చూసి ఒకరు పికప్పులు కొన్నారు. పికప్పు అంటే ముందు ఇద్దరు కూర్చునే చిన్న గది, వెనక చెక్క తొట్టి. చెరుకు, బెల్లం, వడ్లు, పెండ్లివాళ్లు, చచ్చినవాళ్లు, అందరూ ఆ తొట్టిలోనే పోయేవారు. నేను బాన్సువాడ పటేలు ఒకాయన దగ్గర పికప్పు నడిపేవాడిని. నాకు స్టీరింగు పట్టడం నేర్పి ఆ పనిలో పెట్టింది కూడా బావే.

మనిషి ఎప్పుడూ తెల్లబట్టల్లో ఉండేవాడు. గంజి పెట్టిన ధోతి, మోచేతుల దాకా మడిచిన అంగీ. పొద్దంతా నల్లనూనెలో చేతులు పెట్టినా బట్టల మీద ఒక చుక్క పడేది కాదు. పడాల్సిన చుక్కలన్నీ పక్కవాళ్ల మీద పడేవి. పుల్ల పైకి లాగి అటూ ఇటూ చూసేవాడు. దగ్గర్లో హమాలీ ఉంటే వాడి భుజానికి, క్లీనరు ఉంటే వాడి తలకు రాసేవాడు. పటేళ్ల జోలికి మాత్రం పోయేవాడు కాదు. పటేలు ఒక్కడే నిలబడి ఉంటే, రోడ్డు మీద పోయేవాడిని "ఇటు రా" అని పిలిచి వాడికి తుడిచేవాడు. అక్కడున్నవాళ్లు నవ్వేవారు. తుడిపించుకున్నవాడు కూడా నవ్వేవాడు. మొహం ముడుచుకుంటే మళ్లీ వాడి బండిని షెడ్డులోకి రానివ్వడని అందరికీ తెలుసు. డ్రైవరునయ్యానని నేను కుట్టించుకున్న మొదటి అంగీ మీద ఆయన పుల్ల గీత చివరిదాకా పోలేదు.

అక్కతో పెండ్లి అయ్యాక ఆ పుల్ల ఎక్కువగా ఆమె కొంగుకే తుడిచేవాడు. ఆమె సద్ది పట్టుకుని షెడ్డుకు వచ్చేది. ఆయన తల తిప్పకుండా చెయ్యి వెనక్కి చాపేవాడు. ఆమె కొంగు అందించేది. ఆమె చీరలన్నిటికీ కొంగు చివర నల్లగా ఉండేది. బావి దగ్గర ఆడవాళ్లు మనిషిని చూడకముందే ఆ కొంగును గుర్తుపట్టేవారు.

ఆయన వేళ్ల సంగతి చెప్పాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక చుక్క నూనె పెట్టుకుని, చెవి దగ్గర పెట్టి, కళ్లు మూసుకుని మెల్లగా రాసేవాడు. ఏం వినేవాడో ఏమో గానీ, ఆ నూనె ఇంకెంత దూరం పోతుందో చెప్పేవాడు. చలికాలం పల్చటిది, ఎండాకాలం చిక్కటిది. గేరు డబ్బాలో పోసేది బెల్లం తీగపాకంలా ఉండాలి, వెనక చక్రాల గేరుకు దానికంటే చిక్కనిది. పాత నూనె తీయాలంటే బండి ఉరికి వచ్చి నిలబడ్డ క్షణమే తీయాలి.

"చల్లబడ్డంక తీస్తే మురికంత అడుగునే కూసుంటది. ఉరికి ఉరికి వచ్చినప్పుడే అడగాలె. అప్పుడు అబద్ధం ఆడది" అనేవాడు.

తీసిన నూనెను వెడల్పాటి ఇత్తడి తాంబాళంలో పట్టి ఎండకు అటూ ఇటూ వంచేవాడు. పసుపు మెరుపు కనిపిస్తే లోపల ఇత్తడి అరుగుతోందని, తెల్లగా పాలలా ఉంటే నీళ్లు చేరుతున్నాయని చెప్పేవాడు. చెప్పింది తప్పేది కాదు. కొత్త నూనె పోశాక ఇంజను మీద అరచెయ్యి పెట్టి, "తాగు బిడ్డా" అనేవాడు. ఆ గొంతు ఎంత మెత్తగా ఉండేదో! మనిషినెవరినీ ఆయన బిడ్డా అనగా నేను వినలేదు.

పెండ్లయిన కొత్తలో ఒకసారి మా ఇంటికి వచ్చాడు. మా ఊరు నిజాంసాగర్ దిక్కున కాలువ పక్కన. నాన్న లేని ఇల్లు. అల్లుడికి మర్యాద తక్కువ కాకూడదని మా అవ్వ పొద్దటి నుంచీ పొయ్యి ముందే కూర్చుని గారెలు చేసింది. మా దిక్కున తల్లిని అవ్వ అనే అంటాం. కొత్త అల్లుడిని చూడటానికి వాడకట్టు వాళ్లంతా వచ్చి అరుగు మీద చేరారు. బావ గారెను తుంచలేదు. రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కి, వేళ్లకు అంటిన నూనెను చెవి దగ్గరికి తీసుకుపోయి రాశాడు.

"అత్తా, గీ నూనె ఎన్ని పండుగలు చూసింది?"

అవ్వకు అర్థం కాలేదు. "ఏంది కొడుకా?"

"అడుగున పాతది ఉంది. మీద కొత్తది పోసినవ్. నా షెడ్డుల ఎవడన్న గిట్ల పోస్తే తీసి పారబోపిస్త."

అరుగంతా ఘొల్లున నవ్వింది. ఆయన చెప్పింది నిజమే. కుసుమనూనె చాలక, ముందు కాచి దాచిన నూనె అడుగున ఉండగానే అవ్వ దాని మీద కొత్తది పోసింది. ఆయన ఒక్క గారె కూడా తినకుండా మజ్జిగ తాగి లేచాడు. అవ్వ ఆ గంప గారెలు పట్టుకుని లోపలికి పోయి, చీకటింట్లో చాలాసేపు ఉండిపోయింది. ఆ తర్వాత అల్లుడు ఎన్నిసార్లు వచ్చినా తన చేత్తో ఏదీ వడ్డించలేదు. మా చెల్లెలితో పెట్టించేది.

ఇది చిన్న సంగతి. జుక్కల్ డ్రైవరు సంగతి చిన్నది కాదు.

జుక్కల్ నుంచి ఒకతను ఒక పటేలు పికప్పు తెచ్చేవాడు. సరదా మనిషి. బండి షెడ్డు చేరకముందే అతని పాట చేరేది. ఒకనాడు షెడ్డు ముందు అందరం చాయ తాగుతుంటే నవ్వుతూ అన్నాడు:

"నూనె అంటే నూనే గద మిస్త్రీ! ఏ డబ్బాలకెళ్లి వచ్చిందో ఇంజనుకేం ఎరుక?"

బావ కూడా నవ్వాడు. చాయ చివరిదాకా తాగి కప్పు కింద పెట్టాడు. అంతటితో అయిపోయిందనుకున్నాం.

తర్వాత ప్రపంచ యుద్ధం వచ్చింది. పట్నం నుంచి నూనె డబ్బాలు రావడం తగ్గి, చివరికి ఆగిపోయాయి. మా దిక్కున దొరికేది ఆముదమే. కొందరు ఇంజన్లలో అదే పోయసాగారు. పోయవచ్చు, దానికొక పద్ధతి ఉందని బావ నాకు ముందే చెప్పాడు. పాత నూనె చుక్క మిగలకుండా తీసి, కడిగి, ఆముదం ఒక్కటే పోస్తే బండి నడుస్తుంది. డబ్బా నూనె మీద ఆముదం పోస్తే వేడికి రెండూ కలిసి జిగురవుతాయి.

ఒక పొద్దున జుక్కల్ డ్రైవరు ఇంజనుకు నీళ్లు పోయడానికి ఆగాడు. బావ తనంతట తానే పోయి పుల్ల లాగాడు. వాసన చూశాడు. పుల్లను ఆ డ్రైవరు భుజానికే, దోస్తును తట్టినట్టు, మెల్లగా తుడిచాడు. బండి రెక్క మీద చరిచి "పో" అన్నాడు. అతను పాడుకుంటూ పోయాడు.

రెండు మూడు రోజులకు ఆ బండి మంజీర దాటాక చెరుకు లోడుతో బిగుసుకుపోయింది. ఎండకు చెరుకు ఎండిపోతోంది. పటేలు గుర్రమెక్కి వచ్చాడు. బండిని ఎడ్లతో లాగించడానికి కాడి కట్టించాడు. ఎద్దు ఒకటి తక్కువైంది. ఆ ఎద్దు జాగాలో డ్రైవరును కట్టించాడు.

వాళ్లు బాన్సువాడ బజారులోంచి వచ్చేటప్పుడు నేను షెడ్డులోనే ఉన్నాను. పటేలు పికప్పు లోపల కూర్చుని స్టీరింగు పట్టుకున్నాడు. వెనక కూలీలు నెడుతున్నారు. ముందు కాడికి ఒకవైపు ఎద్దు, ఒకవైపు మనిషి. అంగీ చిరిగి, భుజం తోలు కాడికి అంటుకుపోయింది. విప్పినప్పుడు తోలు కాడితోపాటు వచ్చింది. అతను అరవలేదు. మట్టిలో కూర్చున్నాడు.

బావ ఇంజను కింద తాంబాళం పెట్టి అడుగు బిరడా తిప్పాడు. ఏమీ కారలేదు. వేలు లోపలికి పెట్టి కెలికితే నల్లటి ముద్ద ఊడిపడింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని, ధోతి పైకి పట్టుకుని, మట్టి అంటకుండా నడిచి పోయి డ్రైవరు ముందు నిలబడ్డాడు.

"నూనె అంటే నూనే గద అంటివి. గిదేందో చెప్పు."

అతను ముద్దను చూశాడు. బావ వంగి, దాన్ని అతని చేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటిగా మూశాడు.

"ఉంచుకో" అన్నాడు.

అందరూ పోయాక నేను అడిగాను. "బావా, గా రోజు పుల్ల తీసినప్పుడే నీకు ఎరుకనా?"

"వాసన చూడంగనే ఎరుక."

"మరి చెప్పకపోతివి?"

"అడిగిండా?" అన్నాడు. నా మొహం చూసి మళ్లీ అన్నాడు, "అడిగితే చెప్పకపోదునా బామ్మర్ది? అడగలె."

సద్ది తెచ్చిన అక్క ఆ మాట వింది. గిన్నె పెట్టకుండా అట్లాగే తిప్పి ఇంటికి తీసుకుపోయింది. ఆ పూట ఆయనకు అన్నం లేదు. దానికి ఆమె వీపు మీద ఏం పడిందో మర్నాడు నీళ్ల బిందె ఎత్తలేకపోతుంటే నాకు తెలిసింది. జుక్కల్ డ్రైవరు మళ్లీ స్టీరింగు పట్టలేదు. తర్వాతి ఏడాది చెరుకు కొట్టే కూలీల్లో కనిపించాడు. తలపాగా కిందికి లాక్కుని పని చేస్తున్నాడు. పాట లేదు.

డబ్బాలు పూర్తిగా బంద్ అయ్యాక బావ వాడిన నూనెనే బాగుచేయడం మొదలుపెట్టాడు. పీపాలో పోసి తేర్చి, పెద్ద బాండీలో కాచి నీరంతా ఎగరగొట్టి, మందపాటి గుడ్డలో వడగట్టేవాడు. చుట్టుపక్కల పికప్పులన్నీ ఆ నూనె మీదే బతికాయి. ఆయన మాట ఇంకా పెరిగింది. పటేళ్లే వచ్చి ఆయన కోసం కాచుకుని కూర్చునేవారు. కాచే పని మాత్రం అక్కది. ఇంటి వెనక వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి మీద, ఆ కమురు వాసనలో, పొడుగు గంటెతో కలుపుతూ నిలబడేది.

ఒక వానాకాలం మధ్యాహ్నం నేను పటేలు బండిని బావ ఇంటికే తెచ్చాను. బావ పాత నూనె అంతా తీసేశాడు. పోయాల్సిన నూనె వెనక వాకిట్లో బాండీలో కాగుతోంది. అది తీసుకోవడానికి నేనూ వెనక్కి పోయాను.

"పీపల వాన నీళ్లు పడ్డట్టున్నయి. చిటపటమంటుంది" అంది అక్క.

"నీళ్లు పోవుడానికే గద కాగబెడుతున్నం. మంట పెంచు" అన్నాడు బావ.

"పొంగుతుంది సూడు."

"నీకేం ఎరుక? పెంచు."

ఆమె ఇంకో కట్టె తోసింది. చూస్తుండగానే నూనె బుసబుసమని నురుగెత్తింది. అంచు దాటబోతోంది. "దించు! దించు! నూనె పోతది!" అని ఆయన అరిచాడు. ఆమె కొంగు చుట్టుకున్న చేతులతో బాండీ ఎత్తింది. నూనె ఒక్కసారి ఎగిసి ఆమె కుడిచేతి మీదుగా మోచెయ్యి దాకా పడింది.

నేను ఆమె వైపు ఉరికాను. బావ కూడా ఉరికాడు. ఆయన బాండీని పట్టుకున్నాడు. ఆమె చేతుల్లోంచి దాన్ని లాక్కుని, ఒక్క చుక్క తొణకకుండా నేల మీద పెట్టి, వంగి, లోపల ఎంత మిగిలిందో చూశాడు. అప్పుడు తల తిప్పి అక్కను చూశాడు.

ఆమె అరుపు నేను ఇక్కడ రాయలేను.

నీళ్లు పోశాను. చేతికి చుట్టిన కొంగు ఊడలేదు. దవాఖానకు తీసుకుపోవాలి. నా బండి ఇంటి ముందే ఉంది. ఇంజనులో నూనె లేదు.

"బావా, ఉన్నది ఉన్నట్టు పొయ్యి. జల్ది పొయ్యి. తీస్కపోదాం."

"నీళ్లున్న నూనె ఎట్ల పోస్తరా? చల్లారాలె, వడగట్టాలె."

"చెయ్యి కాలిపోయింది బావా!"

"చెయ్యి మానుతది. బేరింగు మానదు" అన్నాడు.

కోపంగా అనలేదు. నూనె సంగతి చెప్పేటప్పుడు ఎంత నిదానంగా చెప్పేవాడో అట్లాగే చెప్పాడు. చెప్పి, వడగట్టే గుడ్డ కోసం లోపలికి పోయాడు. నేను వీధిలోకి ఉరికి, పక్కవాళ్ల ఎడ్లబండి కట్టించి, అక్కను దాంట్లో పడుకోబెట్టి తీసుకుపోయాను. దారిలో వాన మొదలైంది. ఎడ్లు బురదలో కాళ్లీడ్చుకుంటూ నడిచాయి. మేము దవాఖాన చేరేసరికి పటేలు బండి నూనె పోయించుకుని వేరే డ్రైవరుతో లోడుకు పోయిందని తర్వాత తెలిసింది. బేరింగులు బాగానే ఉన్నాయట.

చెయ్యి మానింది. మానడం అంటే, పుండు ఎండింది. మూడు వేళ్లు ఒకదానికొకటి అతుక్కుని, మణికట్టు లోపలికి వంగి, కొక్కెంలా బిగుసుకుపోయింది. అవ్వ ఆమెను మా ఇంట్లోనే ఉంచుకుంది. బావ ఒకసారి కూడా చూడటానికి రాలేదు.

వచ్చింది పంటలు ఇంటికి చేరాక. ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని, ఉతికిన బట్టల్లో, పికప్పులో దిగాడు. అరుగు మీద కూర్చుని అవ్వతో మాట్లాడాడు.

"అత్తా, నేను కొట్లాటకు రాలె. ఇల్లు నడవాలె గద. పెద్దదానికి కుడి చెయ్యి లేనట్టే. రొట్టె చెయ్యరాదు, నీళ్లు చేదరాదు. ఇడిసిపెడుతనంటలేను, ఉండనియ్యి. చిన్నదాన్ని గూడ ఇయ్యి. అక్కచెల్లెండ్లు ఒక్కింట్లనే ఉంటరు."

"మాటల తప్పేం లేదమ్మా. ఇంకొకడైతే ఎప్పుడో ఇడిసిపెట్టేటోడు" అన్నాడు ఒక పెద్దమనిషి.

మా చెల్లె తలుపు వెనక నిలబడి ఉంది. అప్పుడప్పుడే చీర కట్టుకుంటున్న వయసు. అవ్వ కిందికి చూస్తోంది. కాదనడం లేదు. పెద్దదాని బతుకు నిలబడాలంటే చిన్నదాన్ని ఇచ్చిన ఇళ్లు మా దిక్కున చాలానే ఉన్నాయి.

"నా చెల్లెను ఇయ్యం" అన్నాను.

"పెద్దోళ్లు మాట్లాడంగ నీకేంది? కూసో" అన్నాడు రెండో పెద్దమనిషి. బావ నా వైపు చూసి, "స్టీరింగు ఎవరు నేర్పిండ్రు బామ్మర్ది? పటేలుకు ఒక్క మాట చెప్తే సాలు" అన్నాడు.

అప్పుడు అక్క బయటికి వచ్చింది. ఆ చెయ్యి కొంగు కింద దాచుకునేది ఎప్పుడూ. ఆ రోజు దాచుకోలేదు.

"నేనే వస్త" అంది.

"వచ్చి ఏం చేస్తవ్?" అన్నాడు బావ.

"రొట్టె చేస్త. పెద్దమనుషులు కూసోండ్రి, చూసిపోదురు."

పొయ్యి అరుగు పక్కనే ఉంది. ఆమె జొన్నపిండి తీసి ఎడమచేత్తో వేడినీళ్లు పోసి కలిపింది. ముద్ద చేసి పీట మీద పెట్టి, ఎడమ అరచేత్తో తడుతూ, వంగిపోయిన కుడి మణికట్టుతో రొట్టెను తిప్పసాగింది. మానిన తోలు ఇంకా పల్చగానే ఉంది. పిండి వేడికి అది ఎర్రబడటం అందరికీ కనిపించింది. ఒక అంచు పగిలింది. వేలితో తడిపి అతికించింది. పెనం మీద వేసింది, తిప్పింది, పొంగించింది. కాలిన రొట్టెను పళ్లెంలో వేసి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"తిను."

ఆయన రొట్టెను చూశాడు. పెద్దమనుషులను చూశాడు. మొదటి పెద్దమనిషి ఒక తునక విరిచి నోట్లో వేసుకుని, "మంచిగనే ఉంది. ఇగ రెండో పెండ్లి మాట ఎందుకు? ఆలిని తోల్కపో" అన్నాడు. బావ తినాల్సి వచ్చింది. తిన్నాడు. అవ్వ తలుపు దగ్గరికి పోయి చెల్లెను పట్టుకుని ఏడ్చింది. అక్క ఏడవలేదు. ఒక చీర మూట కట్టుకుని, పికప్పు తొట్టిలోకి ఎక్కి కూర్చుంది. ముందు గదిలో బావ స్టీరింగు పట్టుకుంటే, పెద్దమనుషులు ఆయన పక్కన ఇరుక్కుని కూర్చున్నారు.

ఆ ఓటమికి ఆయన ఆమెను చాలా ఏండ్లు సతాయించాడు. కొట్టడం మానేశాడు. దానికంటే చెడ్డది ఒకటి కనిపెట్టాడు. ఆమె సద్ది తెచ్చినప్పుడు, అందరూ చూస్తుండగా, నూనె డబ్బా పిడిని ఆమె వంగిన చేతికి తగిలించేవాడు. "చూసిండ్రా, ఎంత మంచిగ కుదిరిందో! కమ్మరోనితోని చేయించినా గిట్ల రాదు" అనేవాడు. షెడ్డులో ఉన్నవాళ్లు నవ్వేవారు. గేరు డబ్బా నిండేదాకా ఆమె ఆ డబ్బా మోస్తూ నిలబడేది. నేను పోయి తీసేయబోతే కళ్లతోనే వద్దనేది. అక్క తిరిగి పోయిన సంవత్సరమే మేము చెల్లెకు డోంగ్లి దిక్కున మంచి సంబంధం చూసి పెండ్లి చేశాం. పెండ్లికి అక్క ఒక్కతే వచ్చింది. పందిట్లో చెల్లెను చూస్తూ కూర్చుంది. ఆమె అంత ప్రశాంతంగా ఉండగా మళ్లీ చూడలేదు.

ఇంకొక్కటి చెప్పకపోతే ఆయన బొమ్మ పూర్తి కాదు. ఒక పొద్దున నేను చెప్పకుండా వాళ్లింటికి పోయాను. అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆయన ఆమె ముందు గొంతుకూర్చుని, ఆ వంగిన చేతిని తన మోకాలి మీద పెట్టుకుని, అతుక్కుపోయిన వేళ్ల మీద బొటనవేలితో మెల్లగా రాస్తున్నాడు. కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆమె పక్క గోడ వైపు చూస్తోంది. నా అడుగుల చప్పుడుకు ఆయన చెయ్యి వదిలేశాడు.

"ఏం చూస్తున్నవ్ బావా?" అన్నాను.

"ఏం లే. తోలు ఎంత మందం అయిందో చూస్తున్న" అని లేచి బయటికి పోయాడు.

నేను ఆ సంగతి అక్కను ఎన్నడూ అడగలేదు. ఆమె చెప్పలేదు.

నిజాం రాజ్యం పోయిన తర్వాత మూతి అతికిన కొత్త నూనె డబ్బాలు మళ్లీ రావడం మొదలైంది. ఏది ఏ కాలానికో డబ్బా మీదే రాసి ఉండేది. షెడ్డు ముందు పటేళ్లు కూర్చోవడం తగ్గింది. ఆ రోజుల్లోనే ఆయన కాలికి తుప్పు పట్టిన రేకు కోసుకుంది. పట్టించుకోలేదు. దవడలు బిగుసుకున్నాక అక్క కబురు పంపింది. నేను బండి తీసుకుపోయాను. ఆయనను తొట్టిలో పడుకోబెట్టాం. అక్క ఆయన తలను ఒళ్లో పెట్టుకుంది. ప్రతి గుంతకూ ఆయన ఒళ్లు విల్లులా లేచేది.

"జల్ది నడుపు తమ్మీ" అంటూనే ఉంది దారి పొడుగునా.

దవాఖానలో ఆయన నోరు తెరుచుకోలేదు. ఏదో చెప్పాలని చూసినట్టే ఉండేది. అక్క ఎడమచేత్తో దూది తడిపి పెదవుల మీద పిండేది. రెండు రోజులకు పోయాడు. ఊరికి తెచ్చి దహనం చేశాం. షెడ్డుకు వచ్చిపోయినవాళ్లలో ఎందరు వచ్చారో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టేటంత మంది లేరు.

పదో రోజు ఆడవాళ్లు అక్కను కాలువ దగ్గరికి తీసుకుపోయారు. మగవాళ్లం గట్టు మీద ఆగాం. మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. ఆచారం ప్రకారం ఆమె మొహానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, చివరిసారి చేతుల నిండా గాజులు తొడిగి, తర్వాత పగలగొట్టాలి. ఎడమచేతికి తొడిగారు. కుడి చెయ్యి పట్టుకున్న ముసలామె ఆగిపోయింది. అతుక్కుపోయిన వేళ్ల మీదుగా గాజు దిగదు. ఇంకొకామె చెయ్యి గుంజి పట్టుకుంది. ముసలామె గాజు నెట్టింది. మళ్లీ నెట్టింది.

"ఒక్క చేతికే పగలగొడితే ఎట్లనమ్మా? రెండు చేతులకు ఉండాలె గద" అంటున్నారు ఎవరో.

మా చెల్లె "ఇడువుండ్రి, నొప్పి పెడుతుందేమో" అని ఏడుస్తోంది.

అప్పుడు అక్క గొంతు వినిపించింది. పెద్దగా ఏం అనలేదు.

"వద్దు పెద్దవ్వా. గీ చేతి గాజులు దవాఖానల్నే పగలగొట్టిండ్రు. దీనికి ఎన్నడో అయిపోయింది."

ముసలామె గాజును ఏం చేయాలో తెలియక అట్లాగే పట్టుకుని కూర్చుంది. అక్క ఎడమచెయ్యి తానే ఎత్తి, మెట్టు రాయికి కొట్టుకుంది.